మొగ్గ తొడగని చామంతి, కుళ్ళిపోతున్న చామంతి: మిద్దె మీద రెండు సమస్యలకీ జవాబు

అడిగింది క్లుప్తంగా ఇది. హైదరాబాద్ మణికొండలో రెండంతస్తుల ఇల్లు, మిద్దె మీద పన్నెండు కుండీల్లో పసుపు ముద్ద చామంతి. జూలైలో నాటారు. మొక్కలు రెండున్నర అడుగులు పెరిగాయి, ఆకు కమ్ముకుని ఉంది. నవంబర్ మూడో వారం వచ్చినా రోడ్డు వైపు పెట్టిన నాలుగు కుండీల్లో ఒక్క మొగ్గ లేదు. లోపలి వైపున్న ఎనిమిదింటికి మొగ్గలు వచ్చాయి గానీ, నాలుగైదు రోజుల మబ్బూ ముసురూ తర్వాత విచ్చుకునే పూలు గోధుమ రంగుకి తిరిగి మెత్తబడుతున్నాయి. మొగ్గ రావడానికి ఏ ఎరువు వెయ్యాలి, కుళ్ళు పోవడానికి ఏ మందు కొట్టాలి?

మొదటిదానికి ఎరువు లేదండీ. రెండోదానికి మందు ఉంది, కానీ చెయ్యాల్సిన పనుల్లో అది చిట్టచివరిది. రెండు ప్రశ్నల్లోనూ మీరు మొక్క వైపు చూస్తున్నారు. ఒకసారి రాత్రి తొమ్మిదింటికి, ఇంకోసారి తెల్లవారి ఆరింటికి మిద్దె ఎక్కి మొక్క చుట్టూ చూడండి, సగం జవాబు అక్కడే కనిపిస్తుంది.

ముందు రాత్రి సంగతి. చామంతి పూతకి వచ్చేది వయసుని బట్టి కాదు, రాత్రి పొడవుని బట్టి. పాఠ్యపుస్తకాల్లో హ్రస్వదీప్తికాల మొక్క అంటారే, ఆ జాతి. 1920లో గార్నర్, అల్లార్డ్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు పొగాకు, సోయాబీన్ మొక్కల మీద పట్టుకున్న సంగతే ఇది. పగలు ఒక హద్దు కంటే తగ్గితే తప్ప కొమ్మ చివర ఆకు మొలక ఆగి మొగ్గ మొలక మొదలవదు. చాలా చామంతి రకాలకి ఆ హద్దు పదమూడు, పద్నాలుగు గంటల మధ్య ఉంటుంది. హైదరాబాద్‌లో జూన్ 21న సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా సుమారు 13 గంటల 10 నిమిషాలు. దానికి అటూ ఇటూ సంధ్య వెలుగు ఇరవై నిమిషాల చొప్పున కలపండి. సెప్టెంబర్ నాలుగో వారానికి పగలు 12 గంటల చిల్లరకి దిగుతుంది, డిసెంబర్ 21కి 11 గంటల 5 నిమిషాలు. అంటే మన ఊళ్ళో మామూలు చామంతికి ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో లోపల మొగ్గ పడటం మొదలవుతుంది, మూడు నాలుగు వారాలకి కంటికి కనిపిస్తుంది, రకాన్ని బట్టి కార్తీకం నుంచి సంక్రాంతి దాకా పూస్తుంది.

మీ నాలుగు కుండీలకి ఆ రాత్రి అందడం లేదు. వీధి దీపం స్తంభం మీ పిట్టగోడ కంటే కొంచెం ఎత్తులోనే ఉంటుంది, ఆ వెలుగు నేరుగా మొక్కల నెత్తిన పడుతుంది. మనకి అది మసక వెలుతురు. మొక్కకి మాత్రం పగలు ఇంకా కొనసాగుతున్నట్టు లెక్క. పూలని కావాలని ఆలస్యం చెయ్యడానికి పాలీహౌసుల్లో రైతులు చేసే పని ఇదే: అర్ధరాత్రి వేళ మూడు నాలుగు గంటలు బల్బులు వెలిగిస్తారు, మొక్క ఎత్తున వంద లక్స్ (వెలుగుని కొలిచే ప్రమాణం) ఉంటే సరిపోతుంది. మీ దగ్గర వంద లేకపోవచ్చు, కానీ అక్కడ వెలిగేది మూడు గంటలు, మీ దగ్గర రాత్రంతా. ఆ ఎడతెగని పది ఇరవై లక్స్ కూడా పూతని వారాల తరబడి వెనక్కి నెట్టగలదు. వెలుగులోని ఎరుపు భాగాన్ని మొక్క గుర్తుపడుతుంది. తెల్ల ఎల్ఈడీలోనూ అది ఉంటుంది, పాత పసుపు సోడియం దీపంలోనూ ఉండేది. కాబట్టి దీపం మారితే బాగుపడుతుందన్న ఆశ పెట్టుకోవద్దు.

కొలవడం తేలిక. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ ఒకటి వేసుకుని, రాత్రి తొమ్మిదింటికి ఫోన్‌ని మొక్క చివరి ఆకుల ఎత్తున, తెర ఆకాశం వైపు ఉండేలా పట్టుకోండి. ఫోన్లు అంత కచ్చితంగా చెప్పవు, అయినా రోడ్డు వైపుకీ లోపలి వైపుకీ తేడా తెలుస్తుంది. యాప్ వద్దనుకుంటే అక్కడ పేపరు విప్పి చూడండి. పెద్ద అక్షరాల శీర్షిక చదవగలిగితే అది చామంతి పెట్టే చోటు కాదు. నిండు పున్నమి వెన్నెల అర లక్స్ కూడా ఉండదు, దాని గురించి భయం అక్కర్లేదు. తులసి కోట దగ్గర కార్తీక దీపం గురించి అసలే వద్దు. పిట్టగోడ పొడవునా వారం పాటు రాత్రంతా వెలిగే దీపావళి సీరియల్ లైట్లు మాత్రం పక్కనే ఉన్న కుండీలకి చెరుపు చేస్తాయి. మెట్ల గది మీద తెల్లార్లూ వెలిగే బల్బూ అంతే.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, ఆ నాలుగింటినీ అక్కడి నుంచి కదపండి. నీళ్ళ ట్యాంకు నీడలో గానీ మెట్ల గది వెనక గానీ దీపం కనపడని చోటు చూడండి, కాకపోతే పగలు కనీసం ఐదారు గంటల ఎండ అక్కడ పడాలి. నవంబర్ ఇరవైకి సహజమైన పగలే పదకొండుంపావు గంటలు. కాబట్టి అదనంగా చీకటి చెయ్యాల్సిన పని లేదు, దీపం తగలకపోతే చాలు. కుండీలు కదపలేకపోతే పాత ఫ్లెక్సీ ఒకటి తెచ్చి, నల్ల వైపు మొక్కలకి ఉండేలా రోడ్డు వైపు రెండు పైపులకి కట్టండి. పొద్దుగూకగానే దించి, తెల్లవారి ఆరున్నరకి చుట్టేసి పైకి కట్టెయ్యాలి. పగలు కూడా అలా వదిలేస్తే గాలి ఆగుతుంది, గాలి ఆగితే రెండో సమస్య మొదలవుతుంది. ఫ్రిజ్ అట్టపెట్టె బోర్లించడం కూడా పనిచేస్తుంది, కింద రెండు ఇటుకల మీద నిలబెట్టి గాలి ఆడనిస్తే.

ఒక్క రాత్రి మర్చిపోతే కొంప మునగదు. వరుసగా నాలుగైదు రాత్రులు తప్పితే మాత్రం మొక్క సగంలో మనసు మార్చుకుంటుంది. మధ్యలో ఒక గుండ్రటి మొగ్గ వచ్చి ఎదగకుండా ఆగిపోయి, దాని చుట్టూ సన్నటి పట్టీల్లాంటి ఆకులతో కొత్త కొమ్మలు లేస్తాయి. ఆ కొమ్మల్ని చూస్తే ఎక్కడి నుంచో వెలుగు పడుతోందని అర్థం. మొగ్గలకి రంగు కనిపించేదాకా చీకటి కాపాడాలి, ఆ తర్వాత దీపం పడినా పెద్ద నష్టం లేదు. ఈ రోజు మొదలుపెడితే డిసెంబర్ మూడో వారానికి మొగ్గ కనపడాలి, పూలు జనవరి చివరకి. ఈసారి సంక్రాంతి గొబ్బెమ్మలకి ఈ నాలుగు కుండీల పూలు అందకపోవచ్చు.

మొగ్గ కోసమని ఈలోగా డీఏపీ గుప్పెళ్ళు పొయ్యకండి. అరటి తొక్కల నీళ్ళలో ఉండే పొటాష్ చాలా తక్కువ, చుట్టూ మూగే చిన్న ఈగలు చాలా ఎక్కువ.

ఇక కుళ్ళు. ముందు అది ఏ కుళ్ళో తేల్చుకోవాలి. గోధుమ రంగుకి తిరిగిన పువ్వులన్నీ ఒకే జబ్బుతో పోవు. ఒక పువ్వుని కోసి అరచేతిలో పెట్టుకుని దగ్గరగా చూడండి. రేకుల చివర్ల నుంచి నీళ్ళు పీల్చిన కాగితంలా మచ్చ మొదలై, లోపలికి పాకి, దాని మీద బూడిద రంగు నూగు ఉంటే అది బూడిద బూజు, శాస్త్రీయ నామం బొట్రైటిస్ సినెరియా. పొద్దున్నే కాడని వేలితో తడితే సన్నటి పొగలా లేస్తుంది. అవి దాని విత్తనాలు, ఒక్కోటి ఇంకో పువ్వు మీద పడటానికి సిద్ధంగా ఉంటుంది. పువ్వు ఒక పక్కే కుళ్ళి, మెడ దగ్గర నల్లబడి ఆ పక్కకే వాలిపోతే అది రేకు మాడు తెగులు, వేరే శిలీంధ్రం. దానికీ తడే మూలం, కాబట్టి చెయ్యాల్సినవి దాదాపు ఇవే. రేకుల మీద పొడిగా గోధుమ గీతలు ఉండి, నూగు లేకుండా, తెల్ల కాగితం మీద దులిపితే గడ్డి పరకంత సన్నటి పసుపు పురుగులు పరిగెడితే అవి తామర పురుగులు. బూజు మందులో మునకేయించినా అవి పోవు. మొగ్గకి గుండ్రటి బెజ్జం, పక్కన నల్లటి రెట్ట ఉంటే శనగపచ్చ పురుగు లోపల ఉంది. సాయంత్రం టార్చి వేసి చేత్తో ఏరెయ్యడమే పన్నెండు కుండీలకి సరైన మందు.

మీరు చెప్పిన లక్షణాలు, ముసురు తర్వాతే మొదలవడం చూస్తే మొదటిదే. ఈ బూజుకి 15 నుంచి 22 డిగ్రీల చల్లదనం, రేకు మీద ఎడతెగకుండా ఎనిమిది పది గంటల తడి ఉంటే పండగే. మన నవంబర్ రాత్రులు సరిగ్గా అలాంటివి. నగరం మధ్యలో కొంత వెచ్చగా ఉంటుంది గానీ పటాన్‌చెరు, రాజేంద్రనగర్, శేరిలింగంపల్లి, మీ మణికొండ వైపు శివార్లలో రాత్రి చలి త్వరగా దిగుతుంది, పొద్దున ఏడింటికి కూడా ఆకు మీద నీళ్ళుంటాయి. ముద్ద చామంతికి మరీ కష్టం. లోపలికి ముడుచుకున్న రేకుల మధ్య దూరిన నీటి చుక్క మధ్యాహ్నం దాకా ఆరదు. పైన రేకులు పొడిగా కనిపిస్తాయి, పువ్వు విప్పి చూస్తే మధ్యలో చెమ్మ ఉంటుంది. చిట్టి చామంతి, ఒంటి రేకు రకాలు ఇదే మిద్దె మీద ఇదే ముసురులో కుళ్ళకపోవడానికి కారణం వాటికేదో రోగనిరోధక శక్తి ఉండటం కంటే, అవి గంటలో ఆరిపోవడం.

వాన పడని రోజు కూడా కుళ్ళు ఎందుకు ముదురుతోందని మీకు అనిపించి ఉంటుంది. దానికి కారణం మంచు. మబ్బులేని రాత్రి ఆకాశం కిందున్న ప్రతి ఆకూ తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది, ఆ చల్లటి ఆకు మీద గాలిలోని తేమ చుక్కలు కడుతుంది. స్కూటర్ సీటు మీద పొద్దున్నే నీళ్ళుంటాయి కదా, పార్కింగ్ రేకుల కింద పెట్టిన స్కూటర్ మీద ఉండవు. చామంతికీ అంతే. నెత్తి మీద ఏదో ఒక కప్పు ఉంటే చాలు, ఆకు అంత చల్లబడదు, మంచు కట్టదు.

కాబట్టి మీరు పెట్టాల్సిన మొదటి ఖర్చు మందు సీసా మీద కాదు, కప్పు మీద. 200 మైక్రాన్ల యూవీ పాలిథీన్ షీటు, నాలుగు పీవీసీ పైపులు, కట్టుకోవడానికి నైలాన్ తాడు. పన్నెండు కుండీలకి ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు సరిపోతుంది. ఒక వైపు ఆరున్నర అడుగులు, ఇంకో వైపు ఐదున్నర అడుగుల ఎత్తున కడితే వాననీళ్ళు మధ్యలో గుంట కట్టకుండా జారిపోతాయి. పక్కలన్నీ తెరిచే ఉంచాలి. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: చలి, తడి అని నాలుగు వైపులా కప్పి గూడులా చేస్తారు. లోపల మొక్క రాత్రంతా ఆవిరి వదులుతుంది, షీటు లోపలి వైపు చుక్కలు కట్టి తెల్లారేసరికి మళ్ళీ పూల మీదే రాలతాయి. బయట ఉంచిన దాని కంటే ఘోరంగా కుళ్ళుతాయి. షీటుని నేరుగా మొక్కల మీద పరచడం అంతకంటే తప్పు.

కప్పు కట్టే ముందు కుళ్ళినవి తియ్యాలి, దానికీ ఒక పద్ధతుంది. పొద్దున తడి మీద ముట్టుకోవద్దు, మధ్యాహ్నం రెండు తర్వాత, అన్నీ ఆరాక చెయ్యండి. కుళ్ళిన పువ్వు మీద ముందు ఒక ప్లాస్టిక్ కవరు నెమ్మదిగా తొడిగి, మూతి బిగించి పట్టుకుని, కాడ మీద మంచి ఆకుపచ్చ కనిపించే చోటుకి రెండంగుళాల కింద కత్తిరించండి. కవరు లేకుండా కోస్తే ఆ కుదుపుకే పొడి లేచి పక్క మొగ్గల మీద పడుతుంది. కత్తెరని ప్రతి మొక్కకీ స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవాలి. కోసినవి కంపోస్ట్ డబ్బాలో వెయ్యకండి, మూతి కట్టి చెత్త బండికి ఇచ్చెయ్యండి. కుండీలో రాలిన ఎండుటాకు, వాడిన రేకులు కూడా ఏరెయ్యాలి. బూజు ముందు చచ్చిన రేకు మీద బలం పుంజుకుని ఆ తర్వాతే బతికిన మొగ్గ మీదకి ఎక్కుతుంది.

తర్వాత గాలి. కుండీల అంచుల మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి. మొదలు నుంచి ఆరంగుళాల దాకా కింది ఆకులన్నీ తీసెయ్యండి, అవి ఎలాగూ ఎండ అందక పసుపు తిరిగి మచ్చ తెగులుకి దారి వేస్తాయి. లోపలికి పెరిగిన సన్నటి గుడ్డి కొమ్మలు తీసేసి ఒక్కో మొక్కకి ఎనిమిది పది కొమ్మలు ఉంచితే చాలు. మీ మొక్కలకి ఇప్పుడు ఇరవైకి పైనే ఉండి ఉంటాయి, మొదట్లో అందంగా కనిపించిన గుబురు నవంబర్‌లో తడిబట్టల మూటలా తయారవుతుంది. ప్రతి కుండీలో మూడు వెదురు పుల్లలు గుచ్చి రెండు ఎత్తుల్లో వదులుగా దారం చుట్టండి. బరువుకి పూలు ఒకదాని మీద ఒకటి వాలితే తగిలిన చోటే కుళ్ళు మొదలు.

నీళ్ళు పొద్దున ఏడు తొమ్మిది మధ్య, పైపు మూతి మట్టికి ఆనించి పొయ్యాలి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి షవర్‌తో తల మీద పొయ్యడం ఈ సీజన్‌లో మానెయ్యండి. పదంగుళాల కుండీకి చలికాలంలో రోజు విడిచి రోజు అర లీటరు నుంచి ముప్పావు లీటరు సరిపోతుంది. అనుమానముంటే కుండీ ఎత్తి చూడండి, తేలిగ్గా ఉంటేనే పొయ్యండి. కింద పళ్ళేల్లో నిలిచిన నీళ్ళు పారబోసి, కుండీలని ఇటుక ముక్కల మీద ఎత్తండి. ఆకులు మధ్యాహ్నం వాలి, నీళ్ళు పోసినా లేవకపోతే ఇంకా పొయ్యకండి, అది వేరు కుళ్ళు. వేర్లు గోధుమ రంగులో ఉండి లాగితే పై పొర ఊడి దారంలా మిగిలితే ఆ మొక్క మీద ఆశ వదులుకోవచ్చు.

ఇవన్నీ చేశాకే మందు. మాంకోజెబ్ లీటరు నీళ్ళకి 2.5 గ్రాములు, ఆకు రెండు వైపులా, మొగ్గల మెడ దగ్గరా తడిసేలా కొట్టండి. ఇది పైన ఉండి కాపాడే మందు, లోపలికి దూరిన బూజుని నయం చెయ్యదు. కాబట్టి ముసురు వస్తుందని తెలిసిన రోజున, వానకి ముందు కొట్టాలి. పదిరోజులకి ఒకసారి. మంచు ఆరాక, పొద్దున తొమ్మిది పది మధ్య కొడితే సాయంత్రానికి ఆరిపోతుంది. సాయంత్రం కొట్టిన మందు రాత్రికి అదనపు తడి. మొగ్గ విచ్చి రంగు కనపడ్డాక ఆపెయ్యండి, రేకుల మీద పొడి మరకలు మిగులుతాయి. కార్బెండజిమ్ లీటరుకి ఒక గ్రాము అని దుకాణాల్లో వెంటనే చేతిలో పెడతారు. సీజన్‌కి ఒకటి రెండు సార్లు ఫర్వాలేదు. అదే పనిగా కొడితే ఈ బూజు దానికి అలవాటు పడిపోతుంది. బొట్రైటిస్‌కి ఆ మందు మీద నిరోధకత రావడం ప్రపంచమంతా చూసినదే. చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు తప్పవు. మందు తగిలిన పూలని చామంతి టీ అంటూ మరిగించి తాగకండి. పూల దుకాణంలో కొన్నవాటికీ ఇదే వర్తిస్తుంది.

పుల్ల మజ్జిగ, పసుపు నీళ్ళు, వంటసోడా గురించి కూడా అడుగుతుంటారు. వంటసోడా ఆకు మీద పిండిలా పట్టే తెల్ల బూజుకి కొంత పనిచేస్తుంది, ఈ బూడిద బూజుకి చెయ్యదు. మజ్జిగ పువ్వు మీద జిగురు పొరలా నిలిచి తడిని ఇంకా పట్టి ఉంచుతుంది. పంచగవ్యం మొక్క ఎదిగే వయసులో మంచిదే, మొగ్గ వచ్చాక పూల మీద చల్లే వస్తువు కాదు.

ఎరువు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, కుళ్ళుకీ దానికీ సంబంధం ఉంది కాబట్టి. మొగ్గ కనపడ్డాక కూడా యూరియా, తాజా పశువుల ఎరువు, ఆవపిండి నీళ్ళు పోస్తూ పోతే కణజాలం మెత్తగా, నీరుగా పెరుగుతుంది. ఆ మెత్తటి మెడలో బూజు సులువుగా దిగుతుంది. ముదురాకుపచ్చగా మెరిసే పెద్ద ఆకులు, పొడవాటి మెత్తటి కాడలు చూసి మురిసిపోతారు గానీ అవి జబ్బుని పిలిచే లక్షణాలు. నాటిన మూడో వారం నుంచి మొగ్గ దాకా 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే, నీళ్ళలో కరిగే ఎరువు) లీటరుకి రెండు గ్రాములు వారానికోసారి, కుండీకి పావు లీటరు. మొగ్గ పెసరగింజంత కాగానే అది ఆపి పొటాష్ ఎక్కువుండే 13-0-45 అదే మోతాదులో, పది రోజులకోసారి. రంగు కనపడ్డాక అదీ ఆపాలి. మీ ఇంటికి బోరు నీళ్ళయితే ఇంకో మాట: లేత ఆకులు పసుపు తిరిగి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే అది నత్రజని లోపం కాదు, సున్నపు నీళ్ళ వల్ల ఇనుము అందకపోవడం. దుకాణాల్లో ఇనుము మందు రెండు రూపాల్లో ఉంటుంది: అలాంటి మట్టిలో ఈడీటీఏ రూపం ఎక్కువసేపు నిలవదు, ఈడీడీహెచ్ఏ రూపంలో దొరికితే మట్టికి వెయ్యండి. దొరక్కపోతే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) లీటరుకి అర గ్రాము, నాలుగు చుక్కల నిమ్మరసంతో ఆకుల మీద పిచికారీ.

ఈ ఏడాది మిగిలింది కాపాడుకోవడమే. అసలు మార్పు వచ్చే ఏడాది తేదీల్లో చెయ్యాలి. మీ మొక్కలు రెండున్నర అడుగులు సాగి, ముసురులో ఇంకా మొగ్గల మీదే ఉండటానికి కారణం తలలు తుంచకపోవడమో, ఆలస్యంగా తుంచడమో. పూలు అయిపోయాక కాడల్ని నాలుగంగుళాలకి కోసేసి, మొదట్లో లేచే పిలకల్ని తల్లి మొక్కలుగా ఉంచుకోండి. మార్చి నుంచి మే దాకా మధ్యాహ్నపు ఎండ తగలని చోట, తడి ఆరకుండా బతికించడమే ఆ మూడు నెలల పని. మన ఎండలకి సగం మొక్కలు అక్కడే పోతాయి. జూన్‌లో తొలి వానలు పడ్డాక పిలకల చివర్ల నుంచి రెండు రెండున్నర అంగుళాల ముక్కలు తీసి, కింది ఆకులు దూసి, వేళ్ళు పుట్టించే పొడి అద్ది, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), ఇసుక సమంగా కలిపిన ట్రేలో గుచ్చండి. రెండు మూడు వారాల్లో వేళ్ళు వస్తాయి. పూస్తున్న కొమ్మ చివర నుంచి ముక్క తియ్యకండి, అది పెరక్కుండా అరచేయంత ఎత్తులోనే ఒక పిచ్చి మొగ్గ వేస్తుంది.

జూలై మొదటి పక్షంలో కుండీల్లోకి. నల్లరేగడి వద్దు, నీళ్ళు పట్టి ఉంచుతుంది. ఎర్రమట్టి నాలుగు పాళ్ళు, బాగా మగ్గిన కంపోస్ట్ లేదా వర్మీకంపోస్ట్ మూడు, కడిగిన కోకోపీట్ రెండు, దొడ్డు ఇసుక ఒకటి, కుండీకి గుప్పెడు వేపపిండి. నాలుగు వారాలకి, ఐదారు ఆకులు వచ్చాక కొన గిల్లండి. కొత్త కొమ్మలు మళ్ళీ నాలుగైదు ఆకులు వేశాక రెండోసారి. ఆఖరి గిల్లుడు ఆగస్టు 25 దాటకూడదు. దాటితే గిల్లిన కొమ్మ తేరుకునేలోపు రాత్రులు పొడుగై మొగ్గ పడటానికి లేత కొమ్మ దొరకదు, పూత ఆలస్యమై సరిగ్గా మంచు కాలంలో పడుతుంది. పువ్వు పెద్దదిగా కావాలంటే పక్క మొగ్గలు తుంచండి. మిద్దె మీద తడి సమస్య ఉన్నవాళ్ళకి నా సలహా దానికి తలకిందులు: మధ్య మొగ్గ తుంచేసి పక్కవాటిని ఉంచండి. పూలు చిన్నవి, కానీ ఎడంగా, ఒకేసారి విచ్చుతాయి, త్వరగా ఆరతాయి.

బతుకమ్మకి సొంత చామంతి కావాలని చాలామంది ఇళ్ళల్లో కోరిక. ఆశ్వయుజం నాటికి మామూలు రకాలు మన ఊళ్ళో పూయవు, తొందర రకం దొరికితేనే, లేదా చీకటి చేస్తేనే. జూలై చివర నుంచి రోజూ సాయంత్రం ఆరింటికి రెండు మడతల నల్ల గుడ్డ కప్పి పొద్దున ఎనిమిదింటికి తియ్యాలి, మొగ్గకి రంగు వచ్చేదాకా. నల్ల పాలిథీన్ వాడకండి, లోపల ఉక్కపోతకి మొగ్గ ఆగిపోతుంది. రెండు నెలలు ఒక్క సాయంత్రమూ తప్పకుండా చేసే ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. లేకపోతే గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌లో పావుకిలో కొనుక్కోవడం మేలు.

ఇంకో చిన్న సంగతి. డిసెంబర్‌లో నర్సరీల్లో అడుగు ఎత్తున గుండ్రంగా, నిండా పూలతో కనిపించే కుండీ చామంతులకి పెరుగుదల ఆపే మందు కొట్టి ఉండటం మామూలే. ఆ మొక్కనే మీరు పెంచితే వచ్చే ఏడాది అది తన అసలు ఎత్తు చూపిస్తుంది. నర్సరీవాళ్ళు మోసం చేశారని అనుకోకండి, మీ పెంపకంలో లోపమనీ అనుకోకండి.

ఈ వారానికి వరుస ఇది: ఇవాళ రాత్రి లక్స్ చూడండి, రేపు మధ్యాహ్నం కుళ్ళినవి కవరు తొడిగి కోసెయ్యండి, శనివారం కప్పు కట్టండి. రోడ్డు వైపు కుండీలు కదిపాక నాలుగు వారాలకీ కొమ్మ చివర ఆకులే వస్తుంటే, రాత్రి పూట కుండీ పక్కన కూర్చుని మొక్క ఎత్తు నుంచి చుట్టూ చూడండి. ఏదో ఒక బల్బు కనిపిస్తుంది, ఎదురింటివాళ్ళ బాల్కనీదైనా సరే.